నగిషీని ఆఖరున చదవాలి

పాత జర్మన్ గురి రైఫిళ్ల గురించి వేలం జాబితాల్లో రాసే మాటలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "అపురూపమైన నగిషీ, దుప్పులు, ఓక్ ఆకులు, రంగులు బాగా నిలిచి ఉన్నాయి" అని రెండు ముక్కలు రాసి, దగ్గరి నుంచి తీసిన ఫోటోలు పెడతారు. ట్రిగ్గర్ ఎలా పడుతోందో, గొట్టం లోపలి గాడులు ఏ స్థితిలో ఉన్నాయో, వెనక ఉండాల్సిన డయాప్టర్ (సన్న రంధ్రం గుండా గురి చూసే సాధనం) ఉందో పోయిందో ఒక్క మాటా ఉండదు. ఈమధ్య అలాంటి జాబితా మరొకటి చదివాక ఈ వ్యాసం రాయక తప్పదనిపించింది. ఈ రైఫిళ్ల మీది నగిషీ గొప్పదే. కానీ దాన్ని విడిగా చూసినవాళ్లకు దాని గొప్పతనం కూడా తెలియదు. ట్రిగ్గర్ దగ్గర మొదలుపెట్టి, ఉక్కు అతుకుల మీదుగా బయటికి వచ్చి, నగిషీని చివర్న చదవాలి. అలా చదివితే బాగా మెరుస్తున్న కొన్ని తుపాకులు తేలిపోతాయి. మెరుపు చచ్చిన కొన్ని నిలబడతాయి.

1880ల నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా, జర్మనీలోని తూరింగియా ప్రాంతంలో జూల్, జెల్లా, మేలిస్ ఊళ్లలో తయారైన షుట్సెన్ రైఫిళ్ల (ఊరి గురి సంఘాల పోటీ తుపాకుల) గురించే ఈ మాటలన్నీ. ఒక్కో తూటా పెట్టి, నిలబడి, ఎక్కువగా 175 మీటర్ల దూరంలోని వలయాల బోర్డు మీద కాల్చేవి. బవేరియాలో ఇళ్లలో, సత్రాల్లో 15 మీటర్ల దూరానికి వాడిన త్సిమ్మర్‌ష్టుట్సెన్‌లు బయటికి అచ్చం వీటిలాగే కనబడతాయి. కాకపోతే వాటి రంధ్రం 4 మిల్లీమీటర్ల వాటిది, అసలు గొట్టం మూతి వైపు జానెడు మాత్రమే ఉంటుంది. రెండింటినీ కలిపేసి అమ్మేవాళ్లున్నారు కనుక ఇది ముందే చెప్పాల్సి వచ్చింది.

ట్రిగ్గర్ నుంచి మొదలు

రైఫిల్ బరువు 5.5 నుంచి 7 కిలోలు. కాల్చేవాడు నిలబడి, ఎడమ మోచేతిని నడుముకు ఆనించి, గొట్టం కింది ఆనుడును అరచేతిలో పెట్టుకుంటాడు. ఎంత అనుభవం ఉన్నా గురి కదలకుండా ఉండదు. నల్లచుక్క చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అది మధ్యకు వచ్చిన క్షణంలో తూటా పేలాలి. ఆ క్షణంలో వేలు గట్టిగా లాగితే గురి పక్కకు పోతుంది. ఈ ఒక్క ఇబ్బందికి జవాబుగా పుట్టింది సెట్ ట్రిగ్గర్.

దాని లోపల బలమైన స్ప్రింగుతో ఒక చిన్న చేయి ఉంటుంది. వెనక ట్రిగ్గర్ లాగితే ఆ స్ప్రింగు బిగుసుకుని, చేయి ఒక సన్నటి అంచు మీద ఆగుతుంది. ముందు ట్రిగ్గర్ ఆ అంచును వదిలించడానికి మాత్రమే. వేలు తగలగానే చేయి పైకి లేచి, తూటాను పేల్చే భాగాన్ని ఆపి ఉంచిన అసలు పట్టును కొడుతుంది. బిగువంతా ముందే స్ప్రింగులో ఉంటుంది కాబట్టి వేలు మోయాల్సింది కొన్ని పదుల గ్రాములే. మంచి పోటీ రైఫిళ్లలో ఈ చేయికి, వేలికి మధ్య ఇంకా కొన్ని మీటలు చేర్చి, చివరి అంచు మీద పడే బరువును మరీ తగ్గించారు. ఒక్కో మీట అంచును ఆకురాయితో, ఆ తరవాత సానరాయితో సరిచేసి, మసి పూసి ఎక్కడ తగులుతోందో చూసి, మళ్లీ సరిచేసిన పని అది. బయటికి కనబడదు. ఫోటోలో పడదు. తుపాకీ మొత్తంలో ఎక్కువ నైపుణ్యం అడిగిన చోటు అదేనని నా నమ్మకం.

చూసే పద్ధతి తేలికే. తూటా గది ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఉత్తుత్తి తూటా పెట్టి, గదిని మూసే మీట మూసిన తరవాతే ట్రిగ్గర్ సెట్ చేయాలి. గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనే వెనక కొసను, అరచేత్తో ఒకటి రెండుసార్లు తట్టాలి. పడిపోకూడదు. పడిపోతే, రెండు ట్రిగ్గర్ల మధ్య ఉండే చిన్న స్క్రూను ఎవరో మితిమీరి బిగించి ఉండొచ్చు. పావు చుట్టు చొప్పున వెనక్కి తిప్పి చూడాలి. పూర్తి చుట్టు వెనక్కి వచ్చినా నిలవకపోతే అంచు అరిగిపోయిందని అర్థం. చాలామంది ఇక్కడే రాయి తీసుకుని అంచును పదును చేస్తారు. అది కొంప ముంచే పని. ఈ భాగాలకు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, అది మిల్లీమీటరులో పదోవంతు నుంచి మూడో వంతు మందం మాత్రమే. దాన్ని అరగదీస్తే లోపల మెత్తటి ఇనుము బయటపడుతుంది. ఆ అంచు కొన్ని వందల సార్లు కూడా ఆగదు.

దీనికి వ్యతిరేకమైన లోపం ఇంకొకటి ఉంది. ట్రిగ్గర్ పడుతుంది కానీ తుపాకీ పేలదు. ఎక్కువసార్లు దీనికి కారణం గడ్డకట్టిన పాత నూనె. చేయి మందంగా లేచి పట్టును కొట్టలేకపోతుంది. విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఇరుసుల దగ్గర పలచటి గడియారపు నూనె ఒక్కో చుక్క వేస్తే సరిపోతుంది. అక్కడ స్ప్రింగు మార్చేసినవాళ్ల తుపాకులు చూశాను. కొత్త స్ప్రింగు బలంగా కొట్టి పట్టు అంచును చితక్కొట్టేస్తుంది.

కాల్చకుండా దించాలంటే ముందు తూటా తీసేయాలి. వెనక ట్రిగ్గర్‌ను గట్టిగా పట్టుకుని, ముందుది నొక్కి, వెనకదాన్ని మెల్లగా వదలాలి. సెట్ చేసి అలాగే అల్మరాలో పెట్టిన తుపాకీ స్ప్రింగు ఏళ్ల తరబడి బిగువులో ఉండి సత్తువ కోల్పోవచ్చు.

చెక్కడం ఏ వరుసలో వచ్చింది

జూల్‌లో ఒక రైఫిల్‌ను ఒకే మనిషి మొదలుపెట్టి ముగించడం అరుదు. గొట్టం చేసేవాడు వేరు, తాళం లాంటి యంత్రభాగం చేసేవాడు వేరు, కర్ర మలిచేవాడు వేరు, చెక్కేవాడు వేరు, గట్టిపరిచేవాడు వేరు. గొట్టం అడుగున దాని పనివాడి పేరులోని తొలి అక్షరాలు తరచూ ఉంటాయి. ముందు కర్ర విప్పితే తప్ప అవి కనబడవు. గొట్టం మీద బంగారంతోనో వెండితోనో పొదిగిన పేరు మ్యూనిక్‌లోనో ష్టుట్‌గార్ట్‌లోనో ఉన్న దుకాణదారుడిది కావడం చాలా మామూలు. అందుకే "ఫలానా ఉస్తాదు చేతిపని" అనే ప్రచారాన్ని నేను నమ్మను.

యంత్రభాగాల్లో పేరున్నది 1884లో పేటెంటు పొందిన కార్ల్ విల్‌హెల్మ్ ఐట్ పద్ధతి. జూల్‌లోని హేనెల్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీయే మీట. దాన్ని కిందికి దించితే గొట్టం వెనక మూసి ఉన్న దిమ్మె తిరిగి కిందికి దిగుతుంది. అప్పట్లో పేరున్న మరో పద్ధతి మార్టీనీ, అందులో దిమ్మె వెనకవైపు ఇరుసు మీద ఊగుతుంది. ఐట్‌లో ఇరుసు ముందు భాగంలో, కింద ఉంటుంది. రెంటికీ పక్క పలకలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి చెక్కేవాడికి చోటు బాగా దొరికింది.

ఇక ఆ చెక్కేవాడి వంతు. ముందు ఉక్కును ఆకురాయితో రూపానికి తెచ్చి, భాగాలన్నీ ఒకదానికొకటి సరిగ్గా కూర్చుని, స్క్రూలన్నీ బిగించిన తరవాతే అతని చేతికి వస్తుంది. అప్పటికి ఉక్కు ఇంకా మెత్తగా ఉంటుంది. పెద్ద గీతలకు ఉలి, చిన్న సుత్తి. సన్న గీతలకు అరచేత్తో నెట్టే ఉలి. ఉలిని కొంచెం పక్కకు వంచితే గీత వెడల్పవుతుంది, నిలబెడితే సన్నబడుతుంది. ఒక ఓక్ ఆకు ఈనె మొదట్లో లావుగా, కొసలో వెంట్రుకలా ఉండటం ఆ మణికట్టు కదలిక వల్లే. జూల్‌లో బాగా ఇష్టపడిన ఉబ్బు చెక్కడంలో దుప్పి, ఆకులు పైకి నిలిచేలా చుట్టూ నేలను దించి, ఆ నేల మీద సన్న చుక్కల పోట్లు పొడుస్తారు. నేల మసకగా, బొమ్మ నునుపుగా ఉండటంతో తక్కువ వెలుగులోనూ బొమ్మ లేచి కనబడుతుంది.

తుపాకీ బిగించి ఉండగా చెక్కుతారు కనుక గీతలు అతుకులు దాటి సాగుతాయి. పలకకూ గొట్టానికీ మధ్య సందు దగ్గర ఆకు తెగకుండా అవతలికి వెళుతుంది. స్క్రూ తల మీది పువ్వు చుట్టూ ఉన్న తీగతో కలుస్తుంది, స్క్రూ గాడి గొట్టానికి సమాంతరంగా ఆగుతుంది. నేను ముందుగా చూసేది ఈ అతుకులనే. సందు దగ్గర గీత రెండు తలవెంట్రుకల మేర పక్కకు జరిగి ఉంటే ఏదో భాగం మారింది, లేదా వంగింది. స్క్రూ గాడి వాలిపోయి ఉంటే ఎవరో బలంగా బిగించారు, లేదా స్క్రూయే కొత్తది. గాడి అంచులు చెదిరి ఉంటే కొన వైపు సన్నబడే మామూలు స్క్రూడ్రైవర్ వాడారన్నమాట. వీటికి రెండు పక్కలా సమాంతరంగా సానపట్టిన కొన కావాలి. గాడిని అది పూర్తిగా నింపాలి.

చెక్కడం అయ్యాక మళ్లీ అన్నీ విప్పుతారు. ఇనుప పెట్టెలో ఎముకల బొగ్గు, కర్రబొగ్గు మధ్య పెట్టి, 750 నుంచి 800 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి, గాలి తగలకుండా నీళ్లలోకి దించుతారు. పైపొరలోకి బొగ్గులోని కార్బన్ ఎక్కి గట్టిపడుతుంది. ఆ నీలం, గోధుమ, బూడిద రంగుల మేఘాలు అప్పుడే వస్తాయి. నీళ్లలో దించేటప్పుడు ఉక్కు వంగే ప్రమాదం ఎక్కువ. దిమ్మె కదిలే లోగిలి సన్నబడితే మీట పట్టేస్తుంది, అందుకే అందులో ఇనుప ముక్క ఇరికించి దించుతారు. చెక్కేవాడి పని అంతా అయ్యాక దాన్ని ఈ ప్రమాదానికి అప్పగిస్తున్నారు. గట్టిపరిచాక కూడా అతుకు దగ్గర గీత తెగని తుపాకీ కనబడితే, ఆ ఊళ్లో కనీసం నలుగురైదుగురు తమ తమ పని సరిగ్గా చేశారని చెప్పొచ్చు. నగిషీ ఇచ్చే నిజమైన సాక్ష్యం అదే.

మళ్లీ చెక్కించే వాళ్లతో పేచీ

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికి వస్తాను. అరిగిన నగిషీని మళ్లీ చెక్కించి, రంగులు మళ్లీ పెట్టించి అమ్మడం మామూలు వ్యాపారం అయింది. కొత్త చెక్కేవాడు ఎంత నిపుణుడైనా, పాత గట్టి పొర మీద ఉలి జారుతుంది, కొన విరుగుతుంది. కనుక ముందు పలకను వేడిచేసి మెత్తబరుస్తారు. అక్కడితో తయారుచేసినవాళ్లు ఇచ్చిన గట్టిదనం పోయింది. చెక్కాక మళ్లీ గట్టిపరచాలి, అంటే నూరేళ్ల కిందట ఒకసారి తప్పించుకున్న వంపు ప్రమాదాన్ని మళ్లీ నెత్తికెత్తుకోవాలి. దానికి భయపడి కొందరు గట్టిపరచడం మానేసి గ్యాస్ మంటతో రంగులు మాత్రం పెడతారు. ఆ రంగు చారలు చారలుగా, ఊదా నీలాల పట్టీలుగా వస్తుంది, మేఘంలా కమ్ముకోదు. కింద ఉక్కు మెత్తగానే ఉంటుంది, దిమ్మె ఇరుసు రంధ్రాలు కొన్నాళ్లకే వదులవుతాయి.

చెక్కడంలోనూ పట్టుబడతారు. పాత గీతలోకి కొత్త ఉలి అంతటా సరిగ్గా దిగదు. వంపుల దగ్గర, ఈనెల కొసల్లో రెండు గీతలు పక్కపక్కన కనబడతాయి. దానికి ముందు మోటారు చక్రంతో పాలిష్ పట్టి ఉంటే పలక మూలలు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గుంట పడుతుంది, తనిఖీ ముద్రలు లోతు తగ్గి మసకబారతాయి. ముద్ర లోతు తగ్గిందంటే దాని పక్కనున్న ఆకు కూడా అంతే లోతు పోగొట్టుకుంది. 1891 నాటి చట్టం 1893 నుంచి అమలయ్యాక కొట్టిన ఆ ముద్రలు చదవడం అందరూ నేర్చుకోవచ్చు. కిరీటం కింద జి అంటే గాడులున్న గొట్టం, యు అంటే తనిఖీ, ఎన్ అంటే పొగరాని మందుతో పరీక్షించినది. తొలినాళ్లలో రంధ్రం కొలతను గేజ్ సంఖ్యగా, అంటే ఆ రంధ్రానికి సరిపోయే సీసపు గుండ్లు ఒక పౌనుకు ఎన్ని వస్తాయో ఆ లెక్కలో, కొట్టేవారు. 156.14 అని ఉంటే 0.310 అంగుళాలు, అంటే దాదాపు 7.87 మిల్లీమీటర్లు.

వాళ్ల వైపు కూడా న్యాయం ఉంది. తుప్పు తినేసి బొమ్మే కనబడని పలకను అలాగే ఉంచడం దేనికి, ఆ చేతి విద్య ఇప్పటికీ బతికి ఉన్నప్పుడు చెక్కేవాళ్లకు పని ఎందుకు ఇవ్వకూడదు అంటారు. రెండో మాట నన్ను కొంత ఇబ్బంది పెడుతుంది. పని లేకపోతే ఆ విద్య నిజంగానే పోతుంది. కానీ వాళ్లకు పని కొత్త తుపాకుల మీద, కొత్త పలకల మీద ఇవ్వొచ్చు. పాత పలక ఒక్కటే ఉంది. పైగా అరుగుదల కూడా ఏదో చెబుతుంది. ఎడమ అరచేయి ఆనిన చోట, మీట పట్టుకున్న చోట, బుగ్గ తగిలిన చోట అరిగితే ఆ తుపాకీని ఎవరో చాలా కాలం శ్రద్ధగా కాల్చారు. మిగతా అంతా అరిగి అక్కడ అరగకపోతే ఏదో తేడా ఉంది.

నగిషీ లేకుండానే కాల్చొచ్చు కదా

లోపలి నుంచి చదవాలన్న నా వాదనకే తిరిగి తగిలే ప్రశ్న ఇది. నగిషీ గురిని ఒక్క మిల్లీమీటరు కూడా మెరుగుపరచదు. సాదా పలకతో వచ్చిన రైఫిళ్లు నగిషీ ఉన్నవాటికి ఏమాత్రం తీసిపోకుండా కాల్చాయి. జాబితాల్లో నగిషీకి అంతస్తులుండేవి, డబ్బు ఎక్కువ ఇస్తే దుప్పులు ఎక్కువ. చౌకరకాల్లో చెక్కడం బదులు ఆమ్లంతో తినిపించిన బొమ్మలూ ఉన్నాయి. వాటి గీత అడుగు చదునుగా, లోతు అంతటా ఒకేలా ఉంటుంది, ఉలి కోసిన మెరుపు ఉండదు. మరి దాన్ని అలంకారం అని పక్కన పెట్టెయ్యొచ్చు కదా?

పెట్టెయ్యలేను. ఈ పోటీలు ఏకాంతంగా జరిగినవి కావు. 1861లో గోథాలో డ్యూక్ ఎర్న్‌స్ట్ 2 ఆధ్వర్యంలో జర్మన్ షుట్సెన్ సంఘాల సమాఖ్య ఏర్పడింది. మరుసటి ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్ద పండగ చేశారు. ఊరంతా చూస్తుండగా సంఘం వాళ్లు బారులు తీరి నడుస్తారు, గెలిచినవాడు ఆ ఏటి రాజు, వెండి బిళ్లల గొలుసు మెళ్లో వేసుకుంటాడు, రంగులు వేసిన చెక్క బోర్డును బహుమతిగా ఇంటికి తీసుకెళ్లి గోడకు పెడతాడు. ఆ మనిషి భుజం మీదున్న తుపాకీని ఊరు చూస్తుంది. కాబట్టి కొనేవాడికి అది పనిముట్టూ అవును, ఊళ్లో తన స్థానానికి గుర్తూ అవును. నగిషీకి కారణం అక్కడుంది. గురితో దానికి సంబంధం లేకపోవచ్చు, ఆటతో ఉంది.

ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఆ ఊళ్ల నుంచి నేటికి ఏం మిగిలింది? కార్ల్ వాల్తర్ 1886లో జెల్లాలో దుకాణం పెట్టాడు. అన్‌షుట్జ్ కుటుంబం 1856లో మేలిస్‌లో మొదలుపెట్టింది. యుద్ధం తరవాత రెండు కంపెనీలూ ఉల్మ్ నగరానికి వెళ్లిపోయాయి. ఇవాళ హైదరాబాద్ రేంజిల్లో పిల్లలు పట్టుకునే ఎయిర్ రైఫిళ్ల మీద కనబడే పేర్లలో ఈ రెండూ ఉంటాయి. కొక్కెంలా భుజాన్ని పట్టే మడమ, బుగ్గ ఆనే దిమ్మె, అరచేతి ఆనుడు, డయాప్టర్, గాలికి పడేంత తేలికైన ట్రిగ్గర్, ఇవన్నీ షుట్సెన్ రైఫిల్ కాలంలో ఎదిగి వచ్చినవే. 2012 లండన్‌లో గగన్ నారంగ్ పది మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చాడు, ఆ ఆట వెనక ఈ పాత ఊళ్ల ఆలోచన ఉంది. నగిషీ మాత్రం పోటీ తుపాకీ నుంచి పూర్తిగా పోయింది, వేట తుపాకుల మీదికి వెళ్లి అక్కడ నిలిచింది. ట్రిగ్గర్‌ను ముందు చదవాలనడానికి ఇది కూడా ఒక కారణం. అయితే పోయింది కనుకే మిగిలిన నగిషీని ముట్టుకోకూడదనడానికీ అదే కారణం.

పోయిన భాగాల సంగతి

1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం జూల్ చేరింది, జులైలో ఆ ప్రాంతాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించింది. జర్మన్లు ఇళ్లలోని తుపాకులన్నీ అప్పగించాల్సి వచ్చింది. వాటిలో నగిషీ బాగా ఉన్నవి సైనికుల సంచుల్లో అట్లాంటిక్ దాటాయి. దారిలో ఊడదీసి పెట్టేవాటిలో ముందుండేవి డయాప్టర్, అరచేతి ఆనుడు. అవే ఎక్కువగా పోయాయి. అందుకే ఇవాళ నగిషీ నిండుగా ఉండి, వెనక గురి చూసే సాధనం లేని రైఫిళ్లు ఇన్ని కనబడతాయి.

కొన్నాక ముందు గొట్టం కొలవాలి. ఈ రైఫిళ్లలో ఎక్కువగా వాడిన 8.15×46ఆర్ తూటా కొలతలు 1909లో ఖరారయ్యాయి కానీ, అంతకుముందు చేసిన గొట్టాలు ఒకదానికొకటి పోలవు, తరవాతవీ కొన్ని తేడాగా ఉంటాయి. పేరులోని 8.15ను నమ్మి గుండు పోత పోయకూడదు. మెత్తని సీసం ముక్కకు నూనె రాసి, ఇత్తడి కడ్డీతో మూతి నుంచి మెల్లగా నెట్టి, మైక్రోమీటర్‌తో గాడుల వ్యాసం కొలవాలి. నెట్టేటప్పుడు ఎక్కడైనా ఒక్కసారిగా వదులైతే అక్కడ గొట్టం ఉబ్బింది. తూటా గదికి సెరోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహంతో పోత పోసి, సరిగ్గా గంట తరవాత కొలవాలి. తొందరపడితే పోత ముడుచుకుని ఉండి కొలత తక్కువగా వస్తుంది. గుండుకు సీసం 20 నుంచి 30 పాళ్లకు తగరం ఒక పాలు. ముద్రల్లో ఎన్ లేని తుపాకీలో పొగరాని మందు వాడకూడదు.

పోయిన డయాప్టర్ బదులు కొత్తగా చేయించడాన్ని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే అది పాత ఉక్కును ముట్టుకోదు, రేపు తీసేయొచ్చు. ట్రిగ్గర్ మీట అరిగిపోతే దాన్నీ కొత్తగా చేయించాలి, పాతదాన్ని రుద్దకూడదు. ప్రతి కొత్త భాగానికీ లోపలివైపు చేసిన సంవత్సరం కొట్టించి, అరిగిన పాత భాగాన్ని నూనె కాగితంలో చుట్టి తుపాకీతోపాటే ఉంచాలి. తోలు పెట్టెలో మాత్రం పెట్టకండి. తోలు తేమ పీలుస్తుంది, దానిలోని ఆమ్లం నెలల్లోనే పలక మీద మచ్చలు పెడుతుంది. గుడ్డ సంచి, పలకల మీద పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం, గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య. పట్టుకునేటప్పుడు నూలు చేతితొడుగులు వేసుకోవాలి, చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది.